పొడవాటి మోడల్ ట్రైన్ కోచ్‌లు ఊరికే విడిపోతున్నాయా? కప్లర్లు మార్చే ముందు ఇవి చెక్ చేయండి

ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల మధ్యలో ఈసారి కాస్త వేరే గ్యాడ్జెట్. హెచ్‌ఓ స్కేల్ మోడల్ ట్రైన్లు. అసలు రైలులో 87వ వంతు సైజు, పట్టాల మధ్య వెడల్పు 16.5 మి.మీ. ఈ హాబీలోకి కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర్నుంచి ఎక్కువగా వినిపించే కంప్లైంట్ ఒకటే: "ఇంజిన్ బాగుంది, గూడ్స్ వ్యాగన్లు బాగానే తిరుగుతున్నాయి. ప్యాసింజర్ కోచ్‌లు తగిలిస్తే మాత్రం వంపులో విడిపోతున్నాయి, లేదంటే పట్టాలు తప్పుతున్నాయి." వెంటనే అందరూ చేసే పని కొత్త కప్లర్ ప్యాకెట్ ఆర్డర్ పెట్టడం. పది సార్లలో ఏడెనిమిది సార్లు అది దండగ ఖర్చు అని నా అభిప్రాయం. ఎందుకో లెక్కలతో చూద్దాం.

ముందు ఒక మాట. మా పాలకుర్తిలో రైల్వే స్టేషన్ లేదు. ఊరి పేరు చెప్తే సోమేశ్వరాలయం, పాల్కురికి సోమనాథుడు గుర్తొస్తారు కానీ రైలు గుర్తు రాదు. రైలు చూడాలంటే జనగామకో స్టేషన్ ఘన్‌పూర్‌కో పోవాలి. మోడల్ ట్రైన్ స్పేర్లు దొరికే షాపు సంగతి ఇక చెప్పక్కర్లేదు. రూపాయి కప్లర్ స్ప్రింగ్ కావాలన్నా కొరియర్ కోసం రోజులు లెక్కపెట్టుకోవాల్సిందే. అందుకే ఇక్కడ "మార్చి చూద్దాం" అనే పద్ధతి నడవదు. ముందు కొలవాలి, తర్వాతే కొనాలి.

ఇంకో చిన్న గందరగోళం కూడా ఇక్కడే తీర్చేద్దాం. మనం మామూలుగా రైలు డబ్బా మొత్తాన్ని "బోగీ" అంటాం. ఈ ఆర్టికల్‌లో డబ్బాని కోచ్ అంటాను, దాని కింద నాలుగు చక్రాలతో తిరిగే ఫ్రేమ్‌ని చక్రాల బోగీ అంటాను.

అసలు విలన్ పొడవు

మన రైల్వేలో పాత నీలం రంగు ఐసీఎఫ్ కోచ్‌లు తెలుసు కదా. బాడీ పొడవు 21.337 మీటర్లు. చెన్నై ఫ్యాక్టరీ ఆ డిజైన్ తయారీని 2018 జనవరిలో ఆపేసింది. ఇప్పుడు కాజీపేట మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్‌లలో ఎక్కువగా కనిపించేవి జర్మన్ డిజైన్ నుంచి వచ్చిన ఎల్‌హెచ్‌బీ కోచ్‌లు. వాటి బాడీ 23.54 మీటర్లు. హెచ్‌ఓలోకి మారిస్తే ఐసీఎఫ్ 245 మి.మీ., ఎల్‌హెచ్‌బీ 270 మి.మీ. తేడా 25 మి.మీ. మాత్రమే, అంటే వేలు వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ.

కానీ తిరకాసు ఇక్కడుంది. రెండు చక్రాల బోగీల మధ్య దూరం రెండింట్లోనూ దాదాపు ఒకటే: ఐసీఎఫ్‌లో 14.783 మీటర్లు, ఎల్‌హెచ్‌బీలో 14.9. అంటే పెరిగిన పొడవు దాదాపు అంతా రెండు చివర్లలో, చక్రాల అవతల గాల్లో వేలాడే భాగానికే పోయింది. కప్లర్ ఉండేది ఆ చివరే.

కోచ్ వంపులోకి వచ్చినప్పుడు మధ్య భాగం లోపలికి, చివర్లు బయటికి జరుగుతాయి. చివర ఎంత బయటికి జరుగుతుందో తెలుసుకోవడానికి ఒక సింపుల్ లెక్క ఉంది. కోచ్ పొడవుని దానితోనే గుణించండి. చక్రాల బోగీల మధ్య దూరాన్ని కూడా అలాగే గుణించండి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. వచ్చినదాన్ని వంపు రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగించండి. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో అర నిమిషం పని.

22 అంగుళాల వంపు, అంటే 559 మి.మీ. రేడియస్ తీసుకుందాం. ఐసీఎఫ్ కోచ్ చివర పట్టాల మధ్య గీత నుంచి 7 మి.మీ. బయటికి జరుగుతుంది. ఎల్‌హెచ్‌బీ చివర 9.8 మి.మీ. జరుగుతుంది. పొడవు పెరిగింది పది శాతం, చివర జరగడం పెరిగింది నలభై శాతం! నిన్నటి దాకా ఐసీఎఫ్ రేక్‌తో హాయిగా నడిచిన లేఅవుట్ కొత్త ఎల్‌హెచ్‌బీ రేక్ పెట్టగానే ఎందుకు మొరాయిస్తుందో ఈ రెండు అంకెల్లోనే ఉంది. అదే ఎల్‌హెచ్‌బీని స్టార్టర్ సెట్లలో వచ్చే 18 అంగుళాల వంపులో పెడితే 12 మి.మీ. బొగ్గు మోసే పొట్టి వ్యాగన్ అయితే 22 అంగుళాల వంపులో జరిగేది రెండు మి.మీ. కూడా ఉండదు. గూడ్స్ బాగా తిరుగుతోంది కాబట్టి ట్రాక్ బాగుందనుకోవడానికి లేదు.

వంపు పూర్తిగా లోపలికి వచ్చాక పెద్ద గొడవ ఉండదు. ముందు కోచ్, వెనక కోచ్ రెండూ ఒకే వైపు ఒకే కొలతలో జరుగుతాయి, కప్లర్లు ఎదురెదురుగానే ఉంటాయి. ప్రమాదం వంపు మొదలయ్యే చోట. ముందు కోచ్ వంపులోకి వెళ్లిపోయి చివర బయటికి జరిగింది, వెనక కోచ్ ఇంకా తిన్నని ట్రాక్ మీదే ఉంది. రెండు కప్లర్ల మధ్య దాదాపు 10 మి.మీ. పక్కవాటు తేడా. ఇక కుడి వంపు వెంటనే ఎడమ వంపు వచ్చిందనుకోండి, ఒకటి ఇటు 10, ఇంకోటి అటు 10, మొత్తం దాదాపు 20 మి.మీ. ఏ కప్లరూ అంత సాగదు.

ఇలాంటి ఎస్ ఆకారపు వంపు మా లేఅవుట్‌లో లేదు అని చాలామంది ధీమాగా చెప్తారు. పక్కపక్కన ఉన్న రెండు లైన్లని కలిపే క్రాసోవర్ చూడండి. ఒక పాయింట్‌లో ఎడమకి తిరిగి, రెండో పాయింట్‌లో కుడికి తిరుగుతుంది. అది పక్కా ఎస్ వంపే!

ఫోన్‌తో డయాగ్నసిస్

కప్లర్ విడిపోవడం కంటికి కనిపించదు. కనిపించేది విడిపోయాక మిగిలిన ఖాళీ మాత్రమే. ఇక్కడే మీ ఫోన్ స్లో మోషన్ పనికొస్తుంది. సెకనుకి 20 సెం.మీ. వేగంతో పోయే మోడల్ ట్రైన్‌ని మామూలు 30 ఫ్రేముల వీడియోలో తీస్తే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య రైలు దాదాపు 7 మి.మీ. కదిలిపోతుంది. 240 ఫ్రేములైతే ఒక మి.మీ. లోపే. ఏ కప్లర్ ముందు లేచింది, ఏది పక్కకి కొట్టింది అన్నీ దొరుకుతాయి.

రెండు జాగ్రత్తలు. బడ్జెట్ ఫోన్లలో కొన్ని 240 అని రాసి, మధ్య ఫ్రేములని సాఫ్ట్‌వేర్‌తో పుట్టిస్తాయి. అలాంటి ఫుటేజ్‌లో కప్లర్ కదలిక నీళ్లలో బొమ్మలా అలుక్కుపోతుంది. అంతకన్నా నిజమైన 120 ఫ్రేములు నయం. రెండోది వెలుతురు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఇంటి లైట్లు చాలావరకు సెకనుకి వంద సార్లు మిణుకుతాయి. స్లో మోషన్‌లో వీడియో అంతా వెలిగి ఆరుతూ ఉంటుంది. పొద్దున కిటికీ పక్కన తీయండి, లేదా ఇంకో ఫోన్ టార్చ్ పెట్టండి. ఫోన్‌ని పట్టా ఎత్తులో, పక్క నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి పెట్టి తీయాలి. పక్క వ్యూ ఎత్తు తేడా చెప్తుంది, పై వ్యూ పక్కవాటు తేడా చెప్తుంది.

వీడియో తీసే ముందు ఒక చిన్న పని. కోచ్‌ల కింద పెన్సిల్‌తో నంబర్లు వేయండి. విడిపోయిన ప్రతిసారీ ఏ రెండు నంబర్ల మధ్య, ట్రాక్ మీద ఏ చోట అన్నది ఒక కాగితం మీద రాయండి. పది సార్లు తిప్పండి. ఏ కోచ్‌లైనా సరే అదే చోట విడిపోతుంటే తప్పు ట్రాక్‌ది. ఎక్కడైనా సరే అదే జత విడిపోతుంటే తప్పు ఆ కోచ్‌లది. ఈ కాగితం లేకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

మా వీధిలో ఒక కాక ఉన్నాడు, రైల్వేలో క్యారేజ్ పని చేసి రిటైర్ అయ్యాడు. ఎనిమిది ఎల్‌హెచ్‌బీ కోచ్‌లు ఒక్కొక్కటిగా రెండేళ్లపాటు కొన్నాడు. మొత్తం కలిపితే ఒక మంచి మిడ్ రేంజ్ ఫోన్ ధర. దసరాకి మనవళ్లు వచ్చేసరికి ఫుల్ రేక్ నడిపి చూపించాలని ఆయన ఆశ. మూడో కోచ్ తర్వాత రేక్ తెగిపోవడం, వెనక ఐదూ వాలులో వెనక్కి జారడం, ఒకసారైతే చివరి కోచ్ టేబుల్ మీద నుంచి కింద పడి మెట్లు విరగడం. "ఇగ నాతోని గాదు బిడ్డా, ఎవలన్న అడిగితే అగ్గువకే ఇచ్చెయ్యి" అన్నాడు. అప్పటికే రెండు ప్యాకెట్ల కొత్త కప్లర్లు మార్చి ఉన్నాడు.

ఆయన కాగితంలో రెండు కథలు బయటపడ్డాయి. మూడు, నాలుగు కోచ్‌ల జత ప్లైవుడ్ షీట్లు రెండూ కలిసే చోట ఎక్కువ సార్లు విడిపోతోంది. ఇంకోపక్క క్రాసోవర్ దగ్గర ఏ కోచ్ అయినా చక్రాలు దిగుతున్నాయి. ఒకటి ఎత్తు సమస్య, ఇంకోటి పక్కవాటు సమస్య. మందు కూడా వేరువేరు.

ఎత్తు: ముందుగా సరిచేయాల్సింది ఇదే

హెచ్‌ఓలో అమెరికన్ ఎన్‌ఎంఆర్‌ఏ స్టాండర్డ్ ప్రకారం కప్లర్ మధ్య భాగం పట్టా పైనుంచి 9.9 మి.మీ. ఎత్తులో ఉండాలి. కేడీ కంపెనీ 205 నంబర్ గేజ్ ఇందుకోసమే ఉంది. పట్టా మీద పెట్టి కోచ్‌ని దగ్గరికి జరిపితే ఎక్కువా తక్కువా వెంటనే తెలుస్తుంది. గేజ్ లేకపోతే కొన్ని వందల రూపాయల డిజిటల్ వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిచి, కరెక్ట్‌గా ఉన్న ఒక కోచ్‌ని రిఫరెన్స్‌గా పెట్టుకోండి.

కాక నాలుగో కోచ్ కప్లర్ 0.8 మి.మీ. కిందికి ఉంది. ఇది చిన్న తేడానే, సాఫు ట్రాక్ మీద విడిపోదు. కానీ ప్లైవుడ్ జాయింట్ దగ్గర ఫోన్ లెవెల్ యాప్ పెడితే ఒక్కసారిగా 1.7 డిగ్రీల ఎత్తు. అంటే దాదాపు 3 శాతం వాలు. పొడవాటి కోచ్ చివర చక్రాల బోగీ మధ్య నుంచి 50 మి.మీ. ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. 50 మి.మీ.లో 3 శాతం అంటే 1.5 మి.మీ. ముందు కోచ్ ఎక్కేసింది, వెనక కోచ్ ఇంకా కిందే ఉంది, దాని కప్లర్ 1.5 మి.మీ. కిందికి పోతుంది. దానికి ముందే ఉన్న 0.8 కలిపితే 2.3. పట్టు జారిపోతుంది. స్లో మోషన్‌లో కప్లర్ పిడికిలి పై నుంచి ఇంకో పిడికిలి మెల్లగా తప్పుకోవడం స్పష్టంగా కనిపించింది. కప్లర్ విరగలేదు, అరగలేదు, కొత్తది పెట్టినా అంతే జరిగేది.

రిపేర్: చక్రాల బోగీ స్క్రూ దగ్గర పలచటి ఫైబర్ వాషర్ వేసి కోచ్‌ని లేపాలి. వాషర్ దొరక్కపోతే పాత ఏటీఎం కార్డు ముక్క బాగా పనిచేస్తుంది, మందం సుమారు 0.76 మి.మీ. ఒక చివర లేపితే రెండో చివర మళ్లీ కొలవండి. కోచ్‌ని లేపడం కుదరకపోతే తల కొంచెం పైకి లేదా కిందికి ఉండే కప్లర్లు కూడా దొరుకుతాయి. ప్లైవుడ్ జాయింట్ కింద సన్న చెక్క పలకలు పెట్టి వాలు ఒక్కసారిగా కాకుండా కనీసం రెండు కోచ్‌ల పొడవు మీద మెల్లగా లేచేలా చేయండి. అలాగే కప్లర్ కింద వేలాడే వంకర తీగని చూడండి. అది మరీ కిందికి ఉంటే పాయింట్లలో తగిలి కప్లర్‌ని లేపేస్తుంది. ప్లయర్‌తో కొద్దిగా పైకి వంచితే చాలు.

పక్కవాటు: బాక్స్, కాడ, తిరిగే చోటు

ఇప్పుడు క్రాసోవర్. తిన్నని ట్రాక్ నుంచి వంపుకి మారేటప్పుడు 10 మి.మీ. తేడా అన్నాం కదా. తగులుకున్న రెండు కప్లర్ల పివట్ల మధ్య దూరం 16 మి.మీ. అనుకుంటే, ఆ తేడాని అందుకోవడానికి అవి 38 డిగ్రీలు తిరగాలి. చాలా కప్లర్ బాక్సుల గోడలు అంత తిరగనివ్వవు. కప్లర్ గోడకి ఆనుకుంటుంది, ఇక కోచ్‌ని పక్కకి నెడుతుంది, చక్రం పట్టా ఎక్కేస్తుంది. అదే దూరం 22 మి.మీ. అయితే 26 డిగ్రీలు చాలు. అందుకే పొడవు కాడ కప్లర్. కేడీలో మామూలు కాడది 148 నంబర్, పొడవు కాడది 146. ఒక్కోటి దాదాపు 3 మి.మీ. ఎక్కువ. రెండింటికీ సెంటరింగ్ స్ప్రింగ్ మీసాల్లా కాడకే అతుక్కుని ఉంటుంది, పాత 5 నంబర్‌లా విడి రేకు పెట్టే తంటా లేదు.

పొడవు కాడ పెడితే కోచ్‌ల మధ్య ఖాళీ పెరుగుతుంది, చూడ్డానికి అంత బాగుండదు. నిజమే. కానీ 559 మి.మీ. వంపులో పక్కపక్క ఎల్‌హెచ్‌బీ కోచ్‌ల లోపలి మూలలు రెండూ కలిపి దాదాపు 9 మి.మీ. దగ్గరవుతాయి. ఖాళీ అంతకన్నా తక్కువ ఉంటే మూలలు గుద్దుకుని కోచ్‌లే ఒకదాన్నొకటి పట్టా నుంచి తోసేస్తాయి. ఆ గుద్దుకోవడం కప్లర్ సమస్యలాగే కనిపిస్తుంది. మధ్యలో ఉండే రబ్బరు వెస్టిబ్యూల్ గట్టిగా ఉన్నా ఇదే గతి. ఒకసారి వాటిని తీసేసి తిప్పి చూడండి.

చక్రాల బోగీకే కప్లర్ బిగించిన మోడళ్లు కూడా ఉన్నాయి. బోగీతో పాటు కప్లర్ తిరుగుతుంది కాబట్టి ఎంత గట్టి వంపులోనైనా పోతాయి, స్టార్టర్ సెట్లకి అందుకే ఇష్టం. వెనక్కి నెట్టినప్పుడు మాత్రం తోపు నేరుగా బోగీ మీదే పడి అది అడ్డం తిరుగుతుంది. కాక మాటల్లో అయితే, "గుంజేటప్పుడు ఏం కాదు, నూకేటప్పుడే అసలు సంగతి తెలుస్తది." పెద్ద రైల్వేలో ఆయన చూసింది కూడా అదేనట. ఐసీఎఫ్ కోచ్‌లకి లాగడానికి స్క్రూ కప్లింగ్, నెట్టడానికి పక్క బఫర్లు విడివిడిగా ఉండేవి. ఎల్‌హెచ్‌బీలో మధ్యలో ఉన్న ఒక్క కప్లరే రెండు పనులూ చేస్తుంది. యాక్సిడెంట్ అయితే ఒక కోచ్ ఇంకోదాని మీదికి ఎక్కకుండా పట్టుకుంటుంది, అది పెద్ద లాభం. మొదట్లో బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడు కుదుపులు ఎక్కువని ప్రయాణికులు గోల పెడితే రైల్వే కప్లర్ వెనక ఉండే డ్రాఫ్ట్ గేర్‌ని మెరుగుపరచాల్సి వచ్చింది. అసలు కోచ్‌లకే తప్పలేదు!

బాక్స్ లోపల కప్లర్ వదులుగా తిరగాలి. వేలితో పక్కకి నెట్టి వదిలితే తనంతట తానే మధ్యకి రావాలి. రాకపోతే మూత స్క్రూ ఒక పావు చుట్టు వదులు చేయండి, అచ్చు పోసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ అంచుల్ని బ్లేడుతో గీకండి, మెత్తని 6బి పెన్సిల్ లెడ్ పొడి కొద్దిగా వేయండి. నూనె వద్దు. మా దగ్గరి ఎండాకాలపు దుమ్ముతో కలిసి రెండు నెలల్లో జిగురైపోతుంది.

ఇన్ని చేసినా క్రాసోవర్ దగ్గర కాక రేక్ దిగుతూనే ఉంది. ఎందుకంటే అక్కడ తేడా 20 మి.మీ. దానికి కప్లర్‌తో వైద్యం లేదు. రెండు పాయింట్ల మధ్య తిన్నని ట్రాక్ ముక్క కలపాలి, కనీసం మీ దగ్గరున్న అతి పొడవు కోచ్ అంత. ఆయనకి 270 మి.మీ. జాగా దొరకలేదు. చివరికి ప్యాసింజర్ రేక్ ఆ క్రాసోవర్ మీదికి పోకుండా రూట్ మార్చాం, గూడ్స్ మాత్రమే అటు పోతుంది. నా దృష్టిలో ఇదే మంచి పరిష్కారం, పైగా ఫ్రీ. కొత్తగా లేఅవుట్ వేసేవాళ్లు వంపు రేడియస్ కోచ్ పొడవుకి మూడింతలు, అంటే ఎల్‌హెచ్‌బీకి 810 మి.మీ. పెట్టుకుంటే ఈ ఆర్టికల్‌లో సగం అవసరం ఉండదు. 22 అంగుళాల వంపు అంటే రెండింతలకి కొంచెం పైన అంతే. నడుస్తుంది, కానీ ప్రతిదీ కరెక్ట్‌గా ఉంటేనే.

బరువు గురించి క్లుప్తంగా. ఎన్‌ఎంఆర్‌ఏ సూచన ప్రకారం 270 మి.మీ. కోచ్ సుమారు 180 గ్రాములు ఉండాలి. కిచెన్ స్కేల్ మీద పెట్టి చూడండి. తేలిక కోచ్ ముందు, బరువు కోచ్‌లు వెనక ఉంటే వంపులో తేలికది లోపలికి లాగబడి పడిపోతుంది. తక్కువైన బరువుని నేల మీద, రెండు చక్రాల బోగీల మధ్య సమానంగా అతికించండి.

విడదీయని రేక్ అయితే కప్లరే వద్దు

ఎనిమిది కోచ్‌లూ ఎప్పుడూ కలిసే తిరిగేవైతే మధ్యలో పిడికిలి కప్లర్లు ఎందుకు? రేక్‌కి రెండు చివర్లలో మాత్రం కప్లర్ ఉంచి, మధ్యలో రెండు రంధ్రాలున్న సన్నని ప్లాస్టిక్ లేదా ఇత్తడి పట్టీ పెట్టండి. ఎత్తులో కొంచెం తేడా వచ్చినా పట్టీ జారిపోదు. కొలత ఇలా తీసుకోవాలి: మీ లేఅవుట్‌లో అతి గట్టి వంపు మీద రెండు కోచ్‌లు పెట్టండి. లోపలి మూలలు తాకేదాకా దగ్గరికి జరపండి. అప్పుడు రెండు కప్లర్ స్క్రూల మధ్య దూరం క్యాలిపర్‌తో కొలవండి. దానికి 1 మి.మీ. కలపండి. అదే పట్టీ రంధ్రాల మధ్య దూరం. ఒక రంధ్రం స్క్రూకి సరిపోయేంత, రెండోది కొంచెం కోలగా ఉంటే వాలు దగ్గర బిగుసుకోదు. స్క్రూని చివరిదాకా బిగించకూడదు, పట్టీ అటూ ఇటూ పైకీ కిందికీ ఆడాలి.

కాక రేక్‌లో మధ్య ఏడు జాయింట్లకీ పాత ప్లాస్టిక్ డబ్బా మూత కోసి పట్టీలు చేశాం. ఖర్చు స్క్రూలది మాత్రమే. వాషర్లు, పట్టీలు అయ్యాక టెస్ట్ ముందుకి కాదు, వెనక్కి నడిపి చేశాం. ఎనిమిది కోచ్‌లనీ ఇంజిన్ వెనక నుంచి నెడుతుంటే, అతి నెమ్మదిగా, వంపు లోపలి వైపు ఫోన్ పెట్టుకుని. ఇరవై చుట్లలో ఒక్కసారి రెండో కోచ్ వెస్టిబ్యూల్ ముడుచుకుంది, దాన్ని రెండు మి.మీ. కత్తిరించాం. విరిగిన మెట్లు సూపర్ గ్లూతో అతికించాడు, మరక ఇంకా కనిపిస్తుంది. మిగిలిన రెండు ప్యాకెట్ల కప్లర్లు నా దగ్గరే ఉన్నాయి. గూడ్స్ వ్యాగన్లకి వాడుకుంటాను.